ఏ పనికి ఏ కాగితం, ఏ అట్ట? విశాఖలో కొనేవారికి ఒక పోలిక

అల్లిపురంలోనో డాబాగార్డెన్స్‌లోనో ఏదైనా ప్రింటింగ్ ప్రెస్సులో గంటసేపు కూర్చుంటే ఒకే సంభాషణ నాలుగైదు సార్లు వినబడుతుంది. పని ఇవ్వడానికి వచ్చినవారు "కొంచెం మందంగా ఉండే కాగితం వేయండి" అంటారు. ప్రెస్సువారు "ఎన్ని జీఎస్‌ఎమ్ వేయమంటారు?" అని అడుగుతారు. వచ్చినవారు ఎక్కడో విన్న అంకె ఒకటి చెబుతారు; అంకె పెద్దదైతే సరుకు మంచిదేనన్న ధైర్యంతో అడ్వాన్సు ఇచ్చి వెళ్తారు. చాలా ఏళ్లుగా ఎస్టిమేట్లు వేసే కుర్చీలో కూర్చున్న నాకు, కాగితం విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఆ ఒక్క అంకెను నమ్ముకోవడం వల్లనే జరుగుతున్నాయని అనిపిస్తుంది. కొనేముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ కాగితం దేన్ని తట్టుకోవాలి? ఎండనా, నెయ్యినా, మడతనా, బరువునా? సముద్రం ఒడ్డున ఉన్న మన ఊళ్లో వీటన్నిటికంటే ముందు చెమ్మను లెక్కలోకి తీసుకోవాలి.

జీఎస్‌ఎమ్ ఏం చెబుతుంది

జీఎస్‌ఎమ్ అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క మాత్రమే. అది బరువును చెబుతుంది. మందాన్ని గాని, గట్టితనాన్ని గాని, తెల్లదనాన్ని గాని చెప్పదు. ఏ0 షీటు వైశాల్యం ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు. కాబట్టి 80 జీఎస్‌ఎమ్ ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు, 500 కాగితాల రీము దాదాపు 2.5 కిలోలు తూగుతుంది. 75 జీఎస్‌ఎమ్ రీము 2.34 కిలోలు, 70 జీఎస్‌ఎమ్ రీము 2.18 కిలోలు ఉండాలి. రీముల కట్టలు ఎక్కువగా కొనే ఆఫీసులు ఒక చిన్న కాటా పెట్టుకుంటే ఈ మూడు అంకెలతోనే చాలా సంగతులు తేలిపోతాయి. కవరు మీద 75 అని ఉండి లోపలి కాగితం 2.2 కిలోలు తూగితే అది 70 జీఎస్‌ఎమ్ సరుకని అర్థం. ప్రెస్సుకు కొనే పెద్ద షీట్లకు మా వాళ్లు వాడే సూత్రం ఇంకా సులువైనది: పొడవు, వెడల్పు అంగుళాల్లో తీసుకుని, రెండింటినీ జీఎస్‌ఎమ్‌తో గుణించి 3100తో భాగిస్తే రీము బరువు కిలోల్లో వస్తుంది. 23×36 అంగుళాల సైజు, 70 జీఎస్‌ఎమ్ మ్యాప్‌లిథో (పుస్తకాలకు వాడే పూత లేని తెల్ల కాగితం) రీము ఆ లెక్కన సుమారు 18.7 కిలోలు.

బరువు ఒకటే అయినా మందం ఒకటి కాదనడానికి 300 జీఎస్‌ఎమ్ ఆర్ట్ కార్డు ముక్కను, అదే 300 జీఎస్‌ఎమ్ ఫోల్డింగ్ బాక్స్ బోర్డు ముక్కను చెరో చేతిలో పట్టుకుని చూడాలి. ఆర్ట్ కార్డు మీద చైనా క్లే, కాల్షియం కార్బొనేటుల పూత ఉంటుంది, దానిని రోలర్ల మధ్య బాగా నొక్కి నునుపు చేస్తారు. అందువల్ల అది సన్నగా, ఒత్తుగా, చల్లగా తగులుతుంది. బాక్స్ బోర్డులో పైపొరలకు మధ్యన యంత్రంతో దంచిన చెక్క గుజ్జు బొద్దుగా ఉంటుంది గనుక, అంతే బరువుకు అది ఇంచుమించు ఒకటిన్నర రెట్లు మందంగా, వంచితే ఎదురు తన్నేలా ఉంటుంది. పెట్టె చేయించుకునేవారు ఆర్ట్ కార్డు కోరితే డబ్బు వృథా. ఫొటోలతో నిండిన బ్రోషర్ వేయించుకునేవారు బాక్స్ బోర్డు కోరితే బొమ్మల్లో ఆ పదును రాదు.

రాతకు, అచ్చుకు

ఆఫీసు ప్రింటరులోకి 70, 75, 80 జీఎస్‌ఎమ్‌లలో ఏది మంచిదన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది. ఒకవైపే ప్రింటు తీసే చిత్తు పనులకు 70 చాలు. రెండు వైపులా తీసే పనులకు 75 మధ్యస్థంగా ఉంటుంది. దస్తావేజులు, దరఖాస్తులు, నాలుగు చేతులు మారే కాగితాలు అయితే 80 తీసుకోవాలి. వర్షాకాలంలో ప్రింటరులో కాగితం చిక్కుకుంటే చాలామంది యంత్రాన్ని తిడతారు గాని, విప్పి ట్రేలో వదిలేసిన కట్ట గాలిలోని చెమ్మను పీల్చుకుని అంచులు అలలు తేలడమే తరచుగా అసలు కారణం. ఏ పూటకు కావలసినంత ఆ పూట ట్రేలో పెట్టి, మిగిలినది మిల్లు కవరులోనే ఉంచడం మన ఊరి ఆఫీసులకు ఎంత మంచి బ్రాండు కొన్నా తప్పని జాగ్రత్త.

అచ్చు పనికి ప్రధానంగా మూడు జాతులున్నాయి: న్యూస్‌ప్రింటు, మ్యాప్‌లిథో, ఆర్ట్ పేపరు. న్యూస్‌ప్రింటు దినపత్రికలు వాడే 45 జీఎస్‌ఎమ్ ప్రాంతపు పలుచని కాగితం. చెక్కను రసాయనాలతో ఉడికించకుండా యంత్రంతో దంచి తీసిన గుజ్జులోనూ, పాత కాగితాల గుజ్జులోనూ, అంటే న్యూస్‌ప్రింటు చేసే గుజ్జులో, చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. ఎండ తగిలితే రెండు రోజుల్లో పసుపెక్కేది ఆ లిగ్నిన్ వల్లనే. నాలుగు రోజుల ఆయుష్షు ఉన్న కరపత్రానికి, సేల్ ప్రకటనకు అది సరిపోతుంది. దాని మీద కథల పుస్తకం వేయించి పిల్లల లైబ్రరీకి ఇవ్వడం మాత్రం పొదుపు అనిపించుకోదు.

మ్యాప్‌లిథో రసాయనిక గుజ్జుతో చేసిన, పూత లేని కాగితం. మన చుట్టుపక్కల మిల్లులకు ఇది పాత పని. రాజమహేంద్రవరంలోని ఆంధ్ర పేపర్ మిల్లు 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైంది. పడమట భద్రాచలం దగ్గర సారపాకలో, ఉత్తరాన ఒడిశా రాయగడ వైపు కూడా పెద్ద మిల్లులున్నాయి. కోస్తా రైతులు వేసే సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కర్రలో చాలా భాగం ఈ మిల్లులకే పోతుంది. అంటే విశాఖలో తెల్ల కాగితానికి కొరత రావడం అరుదు. ఏది అడగాలో తెలియకపోవడమే మనకు ఎక్కువగా ఎదురయ్యే కొరత.

తెలుగు పుస్తకానికి 60, 70, 80 జీఎస్‌ఎమ్ మ్యాప్‌లిథోలలో దేన్ని ఎంచుకోవాలన్నది కొంచెం ఆగి చూడవలసిన విషయం. మన లిపిలో అక్షరం కింద ఒత్తు, పైన గుడి, పక్కన సుడి ఉంటాయి గనుక, పేజీలో రెండు వరుసల మధ్య తెల్లని ఖాళీ తక్కువగా మిగులుతుంది. 60 జీఎస్‌ఎమ్ కాగితంలో వెనక పేజీ అచ్చు నీడలా కనబడి సరిగ్గా ఆ ఖాళీలోనే పడుతుంది. యాభై దాటిన పాఠకుడు నాలుగు పేజీలు చదివేసరికి కళ్లు నలుపుకుంటాడు. డెమీ 1/8 అనే మామూలు పుస్తకాల సైజులో కథలకు, నవలలకు 70 జీఎస్‌ఎమ్ నేచురల్ షేడ్ నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ఒద్దికైనది. మెరిసే తెలుపు కంటే లేత గోధుమ రంగు కంటికి చల్లగా ఉంటుంది. లోపల బొమ్మలు, పట్టికలు ఎక్కువుంటే 80కి వెళ్లవచ్చు. పేజీలు మూడు వందలు దాటితే 80 వేయడానికి ముందు పుస్తకం బరువును, పోస్టు ఖర్చును లెక్క కట్టుకోవాలి. పేజీలు తక్కువై పుస్తకం సన్నగా కనబడుతుందన్న బెంగ ఉంటే జీఎస్‌ఎమ్ పెంచే బదులు బల్కీ రకం అడగాలి. అది అదే బరువులో మందంగా వస్తుంది.

ఆర్ట్ పేపరు ఫొటోల కోసం పుట్టింది. పూత వల్ల సిరా లోపలికి ఇంకకుండా పైనే నిలుస్తుంది, చుక్క చుక్కగానే ఉంటుంది, రంగు నిండుగా కనబడుతుంది. హోటల్ మెనూలకు, రియల్ ఎస్టేట్ బ్రోషర్లకు, బొమ్మల పుస్తకాలకు 130, 170 జీఎస్‌ఎమ్ తీసుకుంటారు. ట్యూబులైటు కింద చదివే పాఠ్యం ఎక్కువగా ఉంటే మెరిసే గ్లాస్ రకం కంటే మెరుపు లేని మ్యాట్ రకం మేలు. ఆర్ట్ పేపరు మీద పెన్నుతో సంతకం చేయించాలనుకుంటే సిరా అలుక్కుపోతుందని గుర్తుంచుకోవాలి. రసీదు పుస్తకాన్ని, నింపవలసిన ఫారాలను ఎప్పుడూ మ్యాప్‌లిథో మీదే వేయించాలి.

పుస్తకం అట్టకు 250 నుంచి 300 జీఎస్‌ఎమ్ ఆర్ట్ కార్డు, పైన లామినేషన్ మామూలు పద్ధతి. ఇక్కడ విశాఖ గాలి తన పని చేస్తుంది. ప్లాస్టిక్ పొర ఉన్న పైవైపు చెమ్మను తీసుకోదు, పొర లేని లోపలి వైపు పీల్చుకుని సాగుతుంది. దాంతో అట్ట ముందు అంచు పైకి చుట్టుకుని లేస్తుంది. బల్ల మీద పెట్టిన కొత్త పుస్తకం రాత్రికి రాత్రి తనంతట తానే నోరు తెరవడం మనలో చాలామంది చూసిందే. ఫ్లాపులున్న అట్ట వేయిస్తే, లేదా 250కి బదులు 300 తీసుకుంటే ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు.

జీఎస్‌ఎమ్ ఎన్నడూ చెప్పని ఇంకో సంగతి పీచు దిశ. ప్రెస్సుల్లో దాన్ని గ్రెయిన్ అంటారు. మిల్లులో పలుచని గుజ్జు పరుగెత్తే జల్లెడ మీద పడుతుంది, కాబట్టి పీచులో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశలోనే సర్దుకుంటుంది. ఆ దిశ వెంబడి మడిస్తే కాగితం లొంగుతుంది, అడ్డంగా మడిస్తే విరుగుతుంది. దీనికి నేను చెల్లించిన మూల్యం ఒక అపార్ట్‌మెంట్ సంఘం సావనీరు. ముదురు నీలం అట్ట, వెయ్యి కాపీలు. షీటులో ఒక అట్ట అదనంగా వస్తుందని లేఅవుట్‌ను నేనే అడ్డంగా తిప్పాను, బయట ఒక ప్రెస్సులో మడత వేయించాను. కట్టలు విప్పేసరికి ప్రతి పుస్తకం వెన్ను మీద నీలం పూత పగిలి, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనబడింది. ఆదా అయిన కాగితం ధర మళ్లీ వేయించిన అట్టల ఖర్చులో పదో వంతుకు కూడా రాలేదు.

ఇది ఎవరైనా ఇంట్లోనే చూసుకోగలిగిన పరీక్ష. విజిటింగ్ కార్డంత ముక్కను కత్తిరించి, ఒకవైపు మాత్రమే తడి వేలితో అద్ది, అరచేతిలో పెట్టుకోవాలి. కొద్ది క్షణాల్లో అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటు ఉందో పీచు దిశ అటే. పుస్తకంలో లోపలి పేజీలకైనా, అట్టకైనా ఆ దిశ వెన్నుకు సమాంతరంగా ఉండాలి. దినపత్రికను ఒకవైపు చింపితే తిన్నగా, మరోవైపు చింపితే వంకరగా చిరగడానికి కారణం కూడా ఇదే.

ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల ప్రాజెక్టు రిపోర్టులు బైండు చేయించుకునే విద్యార్థులకు ఒక మాట. లోపలికి బాండ్ పేపరు 85 లేదా 90 జీఎస్‌ఎమ్ చాలు, 100 అనవసరం. బైండింగ్ అట్ట విషయంలో మాత్రం స్ట్రా బోర్డుకు, కప్పా బోర్డుకు తేడా అడగాలి. పసుపు రంగు స్ట్రా బోర్డు చవకే గాని వానాకాలంలో వంకర తిరుగుతుంది. బూడిద రంగు కప్పా బోర్డు ఒత్తుగా, నిటారుగా నిలుస్తుంది. బీరువాలో పదేళ్లు నిలబడవలసిన ప్రతికి ఆ కొద్దిపాటి తేడా పెట్టడం న్యాయం.

షాపుల్లో ఇచ్చే బిల్లు చుట్టలది థర్మల్ కాగితం. అందులో సిరా ఉండదు, వేడి తగిలిన చోట పూత నల్లబడుతుంది. ఎండలో ఉంచిన కారులో వదిలేస్తే కాగితమంతా నల్లబడవచ్చు. నూనె చేయి తగిలినా, ప్లాస్టిక్ కవరులో ఉంచినా అక్షరాలు మాయమవుతాయి. ఫ్రిజ్, మోటారు వంటివాటి వారంటీ బిల్లును కొన్న రోజే జిరాక్స్ తీయించుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

శుభలేఖ

శుభలేఖల దుకాణంలో మెరిసే కార్డులు ముందు వరుసలో ఉంటాయి. మన పద్ధతిలో కార్డు నాలుగు మూలలా పసుపు రాస్తాం, కవరు మీద పెన్నుతో పేర్లు రాస్తాం. గ్లాస్ లామినేషన్ ఉన్న కార్డు మీద పసుపు పట్టదు. ఆరిన తరువాత పొట్టులా రాలి, అందుకున్నవారి సోఫా మీద పడుతుంది. పేరు రాసిన సిరా వేలికి అంటుకుంటుంది. పూత లేని 250 జీఎస్‌ఎమ్ ప్రాంతపు కార్డు మీదా, నూలు గుడ్డల గుజ్జుతో చేసిన చేతి కాగితం మీదా పసుపు ఇంకి నిలుస్తుంది, స్క్రీన్ ప్రింటింగ్ చక్కగా కుదురుతుంది. ఒక సంగతి ఏమిటంటే, చేతి కాగితం మీద దేవుడి బొమ్మల సన్నని గీతలు, చిన్న అక్షరాలు చెదురుతాయి. అక్షరాలు పెద్దవిగా, మాటలు తక్కువగా ఉంటేనే దాని అందం. ఆహ్వాన పత్రికల మీద, మిఠాయి పెట్టెల మీద చుట్టే ప్లాస్టిక్ పొర 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల జాబితాలో ఉంది గనుక, ఆ మెరుపును ఎంపికలో నుంచి తీసేయవచ్చు.

తినుబండారాలకు

మాడుగుల హల్వా పెట్టెను ఉదాహరణగా తీసుకుంటే అట్టల తేడా అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. గోధుమ పాలు, పంచదార, నెయ్యి కలిసిన సరుకు అది. పెట్టెలో పెట్టిన రెండో రోజుకే నెయ్యి అంచులు వెతుక్కోవడం మొదలుపెడుతుంది. మామూలు గ్రేబ్యాక్ డూప్లెక్స్ పెట్టెలో నేరుగా పెడితే, లోపలి బూడిద రంగు అట్ట నెయ్యిని తాగి, మూడో రోజుకు పైనున్న తెల్లటి ముఖం మీద రూపాయి బిళ్లంత మరక తేలుతుంది. మరక కంటికి కనబడే నష్టం. కనబడని నష్టం ఇంకొకటుంది. గ్రేబ్యాక్ అట్టను పాత పేపర్లు, పాత పెట్టెలు కలిపి నానబెట్టిన గుజ్జుతో చేస్తారు. పాత అచ్చు సిరాల్లోని ఖనిజ నూనెల అవశేషాలు అందులో ఉండి, కొవ్వు ఎక్కువగా ఉన్న తిండిలోకి చేరే అవకాశం ఉంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, గ్రేబ్యాక్ పెట్టెలోనే బటర్ పేపరు పరచడం. చవకైన దారి, తక్కువ రోజుల్లో తినేసే పొడి మిఠాయిలకు చాలు, హల్వాకు మాత్రం చాలదు. రెండవది, కొత్త గుజ్జుతో చేసిన ఫోల్డింగ్ బాక్స్ బోర్డు. లోపలి వైపు లేత పసుపు ఛాయలో శుభ్రంగా ఉంటుంది, తక్కువ జీఎస్‌ఎమ్‌లోనే గట్టిగా నిలుస్తుంది, కాబట్టి 350 గ్రేబ్యాక్ వేసే చోట 300 లోపు బోర్డుతో పని జరిగిపోతుంది. కిలో ధర ఎక్కువే అయినా పెట్టె ధరలో తేడా అనుకున్నంత ఉండదు. ఆ లెక్క వేయకుండానే చాలామంది వ్యాపారులు దాన్ని ఖరీదైనదని పక్కన పెడుతున్నారు. మూడవది ఎస్‌బీఎస్ బోర్డు, అంటే పూర్తిగా బ్లీచ్ చేసిన గుజ్జుతో చేసినది. రెండు వైపులా పాలలా తెల్లగా ఉంటుంది, మందుల పెట్టెలకు, సౌందర్య సాధనాలకు, విదేశాలకు పంపే సరుకుకు తగినది. హల్వాకు నేను రెండవదాన్నే చెబుతాను, లోపల జిడ్డు ఆపే పూత గాని గ్రీజ్‌ప్రూఫ్ కాగితం గాని ఉండాలన్న షరతుతో.

బటర్ పేపరు, గ్రీజ్‌ప్రూఫ్, బేకింగ్ పేపరు మూడూ ఒకటేనని బజారులో అంటారు. చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి, పనిలో తేడా ఉంది. గుజ్జును బాగా దంచి పీచు మధ్య సందులు మూసుకుపోయేలా చేసింది గ్రీజ్‌ప్రూఫ్. నూనెను కొంతసేపు ఆపుతుంది. సిలికాన్ పూత వేసింది బేకింగ్ పేపరు. ఓవెన్ వేడిని తట్టుకుంటుంది, కేకు అంటుకోదు. బటర్ పేపరన్న పేరుతో అమ్మేవాటిలో ఈ గుణాలు ఉన్నవీ లేనివీ కలిసిపోయి ఉంటాయి గనుక, ఒక ముక్క మీద నూనె చుక్క వేసి, కింద తెల్ల కాగితం పెట్టి అరగంట తరువాత చూడటం పేరు కంటే నమ్మదగినది. ఓవెనుకు మాత్రం బేకింగ్ అని స్పష్టంగా రాసి ఉన్నదే వాడాలి.

ఆర్కే బీచ్‌లో ముంత మసాలా, మిరపకాయ బజ్జీ పాత పేపరులో అందుకోవడం మన అందరి జ్ఞాపకాల్లోనూ ఉంది. ఆ రుచి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాగితం మీద ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో న్యూస్‌పేపరులో తిండి చుట్టడాన్ని, నిల్వ చేయడాన్ని నిషేధించింది. వేడి నూనె అచ్చు సిరాను కరిగించి బజ్జీకి అంటిస్తుంది. బండి నడిపేవారికి అచ్చు లేని గ్రీజ్‌ప్రూఫ్ ముక్కలు మంచి ప్రత్యామ్నాయం. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే అడ్డాకులు దొరికిన రోజున వాటిని మించినది ఏ మిల్లూ చేయలేదు.

పేపర్ కప్పు పేరుకే పేపరు. లోపల పల్చని ప్లాస్టిక్ పొర లేకపోతే టీ నిలవదు. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చేసిన పరీక్షలో, వేడి నీళ్లు 100 మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచితే ఇరవై అయిదు వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీటిలోకి వచ్చినట్టు తేలింది. ఆఫీసు క్యాంటీనుకు ఏ జీఎస్‌ఎమ్ కప్పు మంచిదని అడిగేవారికి నేను స్టీలు గ్లాసు అని చెబుతాను. పేపర్ వ్యాపారానికి అది నష్టమే, కానివ్వండి.

దూరం పోయే పెట్టెలు

గోధుమరంగు క్రాఫ్ట్ కాగితానికి ఆ పేరు జర్మన్ భాషలో బలం అనే మాట నుంచి వచ్చింది. ఇక్కడ జీఎస్‌ఎమ్‌తో పాటు బీఎఫ్ (బరస్ట్ ఫ్యాక్టర్) అనే రెండో అంకెను అడగాలి. కాగితం ఎంత ఒత్తిడికి పగులుతుందో చెప్పే లెక్క అది. 150 జీఎస్‌ఎమ్, 18 బీఎఫ్ కాగితం చదరపు సెంటీమీటరుకు 2.7 కిలోల ఒత్తిడిని ఆపుతుంది. అదే 150 జీఎస్‌ఎమ్‌లో 24 బీఎఫ్ అయితే 3.6 కిలోలు. పెట్టెకు లెక్క కట్టేటప్పుడు సమంగా ఉన్న పొరల బలాన్ని పూర్తిగా, వాటి మధ్యన అలలుగా వంచి అతికించిన పొర బలాన్ని సగంగా కలుపుతారు. ఆ లెక్కన అన్ని పొరలూ 150 జీఎస్‌ఎమ్, 18 బీఎఫ్ అయితే మూడు ప్లైల (పొరల) పెట్టె 6.75, అయిదు ప్లైల పెట్టె 10.8 కిలోల దగ్గర నిలుస్తుంది. "అయిదు ప్లై" అన్న ఒక్క మాటతో ఆర్డరు ఇస్తే, లోపల 100 జీఎస్‌ఎమ్ 14 బీఎఫ్ కాగితం పెట్టినా అది అయిదు ప్లైయే అవుతుంది. కొటేషన్‌లో ప్రతి పొర జీఎస్‌ఎమ్, బీఎఫ్ రాయించుకోవడం అందుకే.

మధ్య పొరలోని అలల (ఫ్లూట్) ఎత్తును బట్టి కూడా పెట్టె స్వభావం మారుతుంది. సుమారు మూడు మిల్లీమీటర్ల బీ ఫ్లూట్ గుచ్చుకోవడాన్ని, నొక్కుకుపోవడాన్ని ఆపుతుంది. నాలుగు మిల్లీమీటర్ల సీ ఫ్లూట్ ఒకదాని మీద ఒకటి పేర్చితే ఎక్కువ మోస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు 'ఈ' (E) ఫ్లూట్ మీద బొమ్మలు అందంగా అచ్చవుతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మేవారికి నా సలహా ఇలా ఉంటుంది: ఒక్కో బొమ్మకు 'ఈ' (E) ఫ్లూట్ చిన్న పెట్టె, అవి పట్టే పెద్ద పెట్టె అయిదు ప్లై. బొమ్మను పాత న్యూస్‌పేపరులో చుట్టకూడదు. లక్క వేడికి మెత్తబడే పదార్థం. ఎండాకాలం కొరియర్ వ్యానులో అక్షరాలు బొమ్మ ఒంటి మీదకు ఎక్కే ప్రమాదం ఉంది. అచ్చు లేని తెల్ల టిష్యూ కాగితం చాలు.

ఇక రొయ్యల ఎగుమతి పెట్టెలు వేరే లోకం. చేపలరేవు నుంచి, చెరువుల నుంచి వచ్చే సరుకు గడ్డకట్టి, సున్నా కంటే 18 డిగ్రీల దిగువన ప్రయాణిస్తుంది. లోపలి పెట్టెకు మైనం గాని పాలిథిన్ గాని పూసిన కొత్త గుజ్జు బోర్డు, బయటి కార్టనుకు తిరగవాడిన గుజ్జు తక్కువగా ఉన్న క్రాఫ్ట్ కావాలి. తిరగవాడే కొద్దీ పీచు పొట్టిగా అవుతుంది, తడికి ముందుగా లొంగేది అదే. శీతల గిడ్డంగి తలుపు తెరిచిన క్షణంలో చల్లని అట్ట మీద మన ఊరి గాలి నీటి బిందువులై కూర్చుంటుంది. గాలిలో తేమ 90 శాతానికి చేరిన చోట కరుగేటెడ్ (అలల పొర ఉన్న) పెట్టె మోసే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. అందువల్ల పొడి ఊళ్లో సరిపోయిన పెట్టె కొలతను ఇక్కడికి అలాగే తెచ్చుకోకూడదు. ఒక మెట్టు పైన తీసుకోవాలి. పేర్చేటప్పుడు మూల మీద మూల పడాలి, ఎందుకంటే పెట్టె బరువు మోసేది ఎక్కువగా ఆ నాలుగు మూలలే.

బట్టల షాపు సంచులకు 100 నుంచి 120 జీఎస్‌ఎమ్ క్రాఫ్ట్ సరిపోతుంది. సంచి చిరిగేది పిడి దగ్గరే గనుక, జీఎస్‌ఎమ్ పెంచడం కంటే పిడి వెనక అట్ట ముక్క అతికించడం మీద డబ్బు పెట్టడం మేలు.

కొన్న తరువాత

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా గోదాము కిటికీ అద్దాలు పోయాయి, వాన లోపలికి కొట్టింది, నేల మీద చేతిమందం నీళ్లు నిలిచాయి. మూడో రోజు తలుపు తీసి చూస్తే ఏ కాగితం ఏమిటో దానంతట అదే చెప్పింది. మ్యాప్‌లిథో రీములు కింది నుంచి జానెడు మేర నీరు పీల్చాయి. విడదీసి దండెం మీద వేస్తే ఆరి, అలలు తేలినా చిత్తు పుస్తకాలకు పనికొచ్చాయి. క్రాఫ్ట్ చుట్టల బయటి పొరలు మెత్తబడ్డాయి, లోపల పొడిగానే ఉంది. డూప్లెక్స్ షీట్లు పొరలు పొరలుగా విడిపోయాయి. ఆర్ట్ పేపరు మాత్రం తడిసిన పూత జిగురుగా మారి, ఆరేసరికి రీము మొత్తం ఒకే ఇటుకగా గట్టిపడింది. ఆ ఇటుకలను చిత్తు కాగితాలవాడు కూడా సగం ధరకే తీసుకున్నాడు. చెక్క పలకల మీద అడుగు ఎత్తున పెట్టిన వరుస మాత్రం ఒక్క షీటూ పోలేదు.

అప్పటి నుంచి మా దగ్గర ఏదీ నేలకు, గోడకు ఆనించడం లేదు. ఆర్ట్ పేపరు అన్నిటికన్నా పై వరుసలో ఉంటుంది. ఇంట్లో రెండు రీములు దాచుకునేవారికైనా ఇదే పద్ధతి: బీరువా పై అర, మిల్లు కవరు విప్పకుండా, పడుకోబెట్టి. నిలబెడితే చెమ్మకు కాగితం నడుము వంగుతుంది.